ఒక నిమిషం క్లిప్, రెండు నిమిషాల కాపీ

మూడు కెమెరాలతో తీసిన గంట ఇంటర్వ్యూ. 4కె, సెకనుకు 25 ఫ్రేములు, ఫార్మాట్ ప్రోరెస్ 422 హెచ్‌క్యూ, ఎడిటింగ్ కోసం వాడే పెద్ద సైజు రకం. ఒక్కో కెమెరా ఫుటేజీ 330 జీబీ, మూడూ కలిపితే దాదాపు ఒక టెరాబైట్. ల్యాప్‌టాప్‌లో అంత చోటెక్కడిది? అప్పటికే సగానికి పైగా నిండి ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, దాని నుంచే ఎడిటింగ్ మొదలుపెట్టాను.

ప్లే నొక్కితే ఒకటి రెండు సెకన్లు బాగానే వచ్చింది. ఆ తర్వాత బొమ్మ ఆగడం, ఎగరడం. మాట వినిపిస్తూనే ఉంది, మనిషి మాత్రం నోరు తెరిచి బిగుసుకుపోయాడు. డ్రాప్డ్ ఫ్రేమ్స్, అంటే టైముకి అందక వదిలేసిన ఫ్రేముల లెక్క, వందల్లోకి పోయింది. ఎక్స్‌పోర్ట్‌లో కూడా ఇలాగే వస్తుందేమోనని టెన్షన్ పడ్డాను. రాదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఫ్రేము అందేదాకా సాఫ్ట్‌వేర్ ఆగుతుంది, టైమ్ ఎక్కువ పడుతుందంతే.

నా అనుమానం ముందు గ్రాఫిక్స్ మీదకు పోయింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాను, కాష్ చెరిపేశాను, ప్లేబ్యాక్ రిజల్యూషన్‌ని పావు వంతుకు దించాను. రవ్వంత తేడా లేదు. నిజానికి జవాబు అక్కడే ఉంది, నేనే చూడలేదు. రిజల్యూషన్ దించితే ప్రాసెసర్‌కి పని తగ్గుతుంది గానీ, డిస్క్ నుంచి ఫైలును మాత్రం పూర్తిగా చదవాల్సిందే. ఫోన్‌లో తీసిన హెచ్.264 వీడియో అయితే డేటా తక్కువ, దాన్ని విప్పడం కష్టం. ప్రోరెస్ దానికి తలకిందులు. విప్పడం తేలిక, డేటా మాత్రం కొండంత.

దారి దొరికింది అనుకోకుండానే. ఒక నిమిషం క్లిప్‌ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి చూద్దామనుకున్నాను. సైజు 5.5 జీబీ. కాపీ కావడానికి రెండు నిమిషాలు దాటింది. కాపీ అయ్యాక మాత్రం ఒక్క ఫ్రేము పోకుండా ప్లే అయింది. నిమిషం వీడియోని చదవడానికి రెండు నిమిషాలు తీసుకునే చోటు నుంచి అది సజావుగా ఎలా ప్లే అవుతుంది? నేను అంతసేపూ సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు లెక్క వేశాను. ఈ ఫుటేజీకి సెకనుకు 737 మెగాబిట్లు కావాలి. ఎనిమిదితో భాగిస్తే సుమారు 92 మెగాబైట్లు. కాపీ చూస్తే సెకనుకు 40 మెగాబైట్లు కూడా దాటలేదు. ఆ 40 దగ్గర బుర్ర వెలిగింది, అది యూఎస్‌బీ 2.0 వేగం. మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి చూస్తే డిస్క్ పేరు కింద 480 మెగాబిట్లు అని ఉంది. డిస్క్‌తో వచ్చిన కేబుల్ ఏదో సంచిలో ఉండిపోయింది, నేను వాడుతున్నది ఫోన్ ఛార్జర్ కేబుల్. రెండు చివర్లా టైప్-సి, చూడటానికి అచ్చం ఒకేలా ఉంటాయి. కానీ ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి డేటా దారి యూఎస్‌బీ 2.0 వరకే.

అసలు కేబుల్ వెతికి పెట్టాను. మొదటి కెమెరా హాయిగా ప్లే అయింది. మూడో కెమెరా మాత్రం అప్పుడప్పుడూ ఆగుతూనే ఉంది! అదే డిస్క్, అదే కేబుల్, అదే ఫార్మాట్. మళ్లీ కాపీ పరీక్షే పెట్టాను. మొదటి కెమెరా నిమిషం క్లిప్‌కి 43 సెకన్లు, మూడో దానికి 75. మూడో కెమెరా ఫైళ్లు అన్నిటికన్నా చివర కాపీ చేసినవి. తిరిగే డిస్క్ సాధారణంగా బయటి అంచు నుంచి లోపలికి నిండుతుంది. లోపలి వలయాల్లో చుట్టుకి పట్టే డేటా తక్కువ కాబట్టి, నిండేకొద్దీ వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఖాళీ డిస్క్ మీద చేసిన స్పీడ్ టెస్ట్‌ని నమ్మితే ఇలాగే ఉంటుంది.

ఇక మల్టీక్యామ్, అంటే అన్ని కెమెరాలనీ పక్కపక్కనే ప్లే చేసి ఎడిట్ చేయడం, దాని సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడు కెమెరాలు ఒకేసారి అంటే సెకనుకు 276 మెగాబైట్లు కావాలి. పైగా డేటా చదివే డిస్క్ హెడ్ మూడు చోట్లకీ అటూ ఇటూ పరుగెత్తాలి. ఆ డిస్క్‌తో అయ్యే పని కాదు.

అందుకే తిరిగే భాగాలు లేని, వేగమైన ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ తెప్పించుకోవాలనుకున్నాను. అది చేతికొచ్చేలోపు ప్రాక్సీలు, అంటే ఒరిజినల్ బదులు ఎడిటింగ్‌కి వాడే చిన్న సైజు కాపీలు, చేసుకున్నాను. అప్పటిదాకా ప్రాక్సీ అంటే నాకదో నామోషీ. 1080పీ ప్రోరెస్ ప్రాక్సీకి 38 మెగాబిట్లు చాలు, మూడు కెమెరాలూ కలిపినా 15 మెగాబైట్లు దాటదు. ఆ ఛార్జర్ కేబుల్ మీద కూడా నడిచేది. కటింగ్ అంతా దాని మీదే అయిపోయింది.

ఎస్‌ఎస్‌డీ వచ్చాక ఒరిజినల్ ఫైళ్లతోనే కలర్ పని మొదలుపెట్టాను. రెండు రోజులు ఏ గొడవా లేదు. మూడో రోజు సాయంత్రం మల్టీక్యామ్‌లో మళ్లీ ఫ్రేములు పోయాయి, అది కూడా ఓ అరగంటసేపు, ఆ తర్వాత మామూలే. ఈసారి నేరుగా ఏమేం నడుస్తున్నాయో చూశాను. ఎస్‌ఎస్‌డీ, పాత హార్డ్ డిస్క్ రెండూ ఒకే 5 గిగాబిట్ల హబ్‌కి, అంటే ఒక పోర్టుని పలు పోర్టులుగా చేసే పెట్టెకి, పెట్టి ఉన్నాయి. ఆ టైమ్‌కి బ్యాకప్ లేచి, ఎస్‌ఎస్‌డీలోని ఫైళ్లని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తోంది. 5 గిగాబిట్ల దారిలో చేతికి అందేది సుమారు 400 మెగాబైట్లే. నా మల్టీక్యామ్‌కే 276 కావాలి, అదే దారి కోసం బ్యాకప్ కూడా పోటీ పడుతోంది.

ఎస్‌ఎస్‌డీని హబ్ నుంచి తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టాను, బ్యాకప్‌ని రాత్రి రెండింటికి మార్చాను. కలర్ పూర్తయ్యేదాకా డ్రాప్డ్ ఫ్రేమ్స్ లెక్క సున్నా మీదే ఉంది.