బ్యాడ్జీ కన్నా ముందు ప్రశ్న

ఈరోజు సదస్సులో రెండో రోజు. సాఫ్ట్‌వేర్ పరీక్షల (టెస్టింగ్) రంగంలో పనిచేసేవారి కోసం ఏటా జరిగే సదస్సు కావడం వల్ల ఒకే సమయంలో నాలుగు హాళ్ళలో ప్రసంగాలు నడుస్తున్నాయి. ఏది వినాలి, ఏది వదులుకోవాలి అన్న మీమాంసలోనే చాలామందికి సగం ఉదయం గడిచిపోతోంది. నేను మాత్రం నిన్న రాత్రే కార్యక్రమ పట్టికను ముందు పెట్టుకుని, తర్వాత వీడియోగా అందుబాటులోకి వచ్చే ప్రసంగాలన్నిటినీ పెన్సిలుతో కొట్టివేసి, స్వయంగా ఉంటే తప్ప దక్కనివాటిని మాత్రమే మిగుల్చుకున్నాను. అలా మిగిలినవి పోస్టర్ల ప్రదర్శన, అనుభవజ్ఞులతో ముఖాముఖి, ముందుగా ఖరారు చేయని అంశాల మీద మధ్యాహ్నం జరిగే చర్చలు, వీటి మధ్య దొరికే విరామాలు. వక్త వేదిక మీద చెప్పింది ఎప్పుడైనా చూడవచ్చు గాని, కిందికి దిగి వచ్చాక మెట్ల దగ్గర నిలబడి, గొంతు కాస్త తగ్గించి, "నిజానికి ఆ పద్ధతి మా దగ్గర ఆరు నెలలకే మూలపడిందండీ" అని చెప్పే మాట ఏ వీడియోలోనూ ఉండదు.

ఇలాంటి చోటుకు రావడమంటే కార్డులు పంచుకోవడమేనన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. నాకు దాని మీద పెద్దగా గురి లేదు. ఫోన్లు ఎదురెదురుగా పెట్టి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసుకుని, లింక్డ్‌ఇన్‌లో ఒకరి జాబితాలోకి మరొకరు చేరిపోవడానికి అర నిమిషం చాలు; ఆ అర నిమిషంలో ఎదుటి మనిషి ఏ చిక్కుతో తల పట్టుకుని కూర్చున్నారో తెలిసే అవకాశమే లేదు. నెల తిరిగేసరికి ఆ పేరు కనబడితే "ఎవరబ్బా ఈయన?" అనుకోవడమే మిగులుతుంది.

అలాగని ముఖపరిచయాలకు విలువ లేదని అనను. మార్క్ గ్రనొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన పరిశోధన కోసం, అమెరికాలో బోస్టన్ శివారున ఉన్న న్యూటన్‌లో అప్పటికి ఇటీవలే ఉద్యోగం మారిన నిపుణులను, మేనేజర్లను ప్రశ్నించారు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ కబురు అందించిన మనిషిని అంతకు ముందు తరచుగా కలుస్తూ ఉన్నవారు 16.7 శాతమే, అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, ఏడాదికి ఒకసారి కలిస్తే గొప్ప అన్నంత అరుదుగా కలిసేవారు 27.8 శాతం. కారణం ఊహించడం కష్టం కాదు. రోజూ పక్కన కూర్చునేవారికి తెలిసిన సంగతులు మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు మరో గుంపులో తిరిగే మనిషి దగ్గరి నుంచే రావాలి. ఇదే విషయాన్ని లింక్డ్‌ఇన్ సభ్యులు 2 కోట్ల మంది మీద ఐదేళ్ళ పాటు పరిశీలించిన ఫలితాలు 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. దగ్గరివారి కన్నా కాస్త దూరపు పరిచయస్తుల వల్లే ఉద్యోగం మారే అవకాశం ఎక్కువగా ఉంటుందని, అయితే ఆ దూరం మరీ పెరిగిపోతే ప్రయోజనం తగ్గిపోతుందని అందులో తేలింది. ఈ రెండో ముక్కను చాలామంది పట్టించుకోరు. పేరు తప్ప మరేమీ తెలియని పరిచయాలు ఎన్ని ఉన్నా, మన గురించి ఒక వాక్యమైనా నమ్మకంగా చెప్పగలిగిన దూరపు మనిషి ఒక్కరితో అవి సాటి రావని నాకు అనిపిస్తుంది.

తొలి విరామంలో హాలంతా ఒకసారి కలయజూశాను. ఒకే కంపెనీ నుంచి వచ్చినవారు ఒకే చోట, ఒకే రంగు టీషర్టులతో, భుజాలు ఆనించుకుని నిలబడి, బహుశా ఆఫీసులో మాట్లాడుకునే మాటలే ఇక్కడా మాట్లాడుకుంటున్నారు. వారిని తప్పు పట్టలేము. పాల్ ఇంగ్రామ్, మైకేల్ మోరిస్ అనే ఇద్దరు పరిశోధకులు సుమారు వంద మంది వ్యాపార రంగ నిపుణులు పాల్గొన్న ఒక విందులో అతిథులకు ఎలక్ట్రానిక్ ట్యాగులు తగిలించి, ఎవరు ఎవరితో ఎంతసేపు గడిపారో నమోదు చేసి, 2007లో ఫలితాలు ప్రచురించారు. కొత్తవారిని కలవడానికే వచ్చామని ముందే చెప్పినవారు కూడా తీరా వచ్చాక అప్పటికే తెలిసినవారి వైపే మొగ్గారు. ఈ ధోరణికి విరుగుడుగా మా రంగపు సదస్సుల్లో ఒక చిన్న మర్యాద వాడుకలోకి వచ్చింది: నలుగురు గుండ్రంగా నిలబడినప్పుడు మరొకరు వచ్చి చేరడానికి వీలుగా ఒక మనిషి పట్టేంత ఖాళీ వదలాలి. నోరు తెరుచుకున్న వీడియోగేమ్ బొమ్మ ఆకారంలో ఉంటుంది కాబట్టి దీన్ని పాక్‌మన్ నియమం అంటారు. ప్రచారంలోకి తెచ్చినవారు సాఫ్ట్‌వేర్ రంగానికే చెందిన ఎరిక్ హోల్షర్. ఈ సదస్సు నిర్వాహకులు ఆ బొమ్మను గోడల మీద అంటించారు గాని, దాని కిందనే నిలబడిన గుంపుల్లో సగానికి పైగా సందు లేకుండా మూసుకుపోయి ఉన్నాయి. సందు ఉన్న ఒక గుంపులోకి వెళ్ళి నిలబడితే, మాట్లాడుతున్నాయన మాట ఆపకుండానే నా వైపు తిరిగి, అప్పటి దాకా జరిగిన సంభాషణను రెండు వాక్యాల్లో చెప్పి, ఆ తర్వాత కొనసాగించారు. ఇంతకన్నా మంచి స్వాగతం ఉండదు.

ఈరోజు నాకు బాగా గుర్తుండిపోయేది పోస్టర్ల దగ్గర గడిపిన సమయం. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి, ఒకసారి నెగ్గి, కోడ్‌లో ఏమీ మార్చకుండానే మరోసారి తప్పే పరీక్షల మీద, అంటే మేము ఫ్లేకీ టెస్టులు అనేవాటి మీద, పోస్టర్ పెట్టింది. వచ్చినవారిలో చాలామంది చూపు ముందు ఆమె మెడలోని బ్యాడ్జీ మీదికి దిగేది. అక్కడ కంపెనీ పేరుకు బదులు కళాశాల పేరు కనబడగానే ఆ చూపు పైకి లేచి, పోస్టర్ శీర్షికను ఒక్కసారి తడిమి, పక్క పోస్టర్ వైపు జారిపోయేది. ఆమె అది గమనించి, బ్యాడ్జీని వెనక్కు తిప్పి వేసుకుంది. నేను వెళ్ళి, "ఈ తప్పుల్లో ఎన్నింటికి కారణం సర్వర్ నుంచి జవాబు రాకముందే పరీక్ష ముందుకు పోవడం, ఎన్నింటికి పరీక్షలు నడిచే వరుస మారడం? విడదీసి చూశారా?" అని అడిగాను. ఆమె వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి, పోస్టర్‌లో చోటు చాలక వదిలేసిన పట్టికను చూపించి, వరుసను కావాలని తారుమారు చేసి నడిపితే బయటపడిన తప్పులను ఒక్కొక్కటిగా వివరించింది. ఆ పట్టికలో మా బృందాన్ని చాలాకాలంగా వేధిస్తున్న ఒక రకం తప్పు కూడా ఉంది: ఒక పరీక్ష డేటాబేస్‌లో వదిలి వెళ్ళిన సమాచారాన్ని చూసి తర్వాతి పరీక్ష పొరబడటం.

సరిగ్గా ఇలాంటి తప్పులను వెతికే పనినే పెద్ద ఎత్తున చేస్తున్న ఒక ఇంజనీరు ఉదయం సభలో నా పక్కనే కూర్చున్నారు. ఆయనను వెతికి తీసుకువచ్చి, "ఈ అమ్మాయి ఫలానా కళాశాల విద్యార్థిని" అని మొదలుపెట్టకుండా, "పరీక్షల వరుస వల్ల వచ్చే తప్పులను ఈవిడ విడిగా లెక్కకట్టారు, మీరు ఉదయం అడిగిన ప్రశ్నకు ఇక్కడ సగం జవాబు ఉంది" అన్నాను. పరిచయం చేయడంలో ఇదొక్కటే మెలకువ అని నా నమ్మకం: హోదాను కాకుండా పనిని ముందు పెట్టాలి. ఆయన బ్యాడ్జీ వైపు చూడనే లేదు. పోస్టర్ ముందు వంగి, అక్షాల మీద రాసిన కొలతలు చదవడం మొదలుపెట్టారు. నేను అక్కడి నుంచి తప్పుకున్నాక కూడా వారి సంభాషణ చాలాసేపు సాగింది, వెళ్ళేటప్పుడు ఆయన ఆమె రెజ్యూమే అడిగారట. ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు; కనీసం ఆ దరఖాస్తు పేరు తెలియని వందల దరఖాస్తుల మధ్య పడి ఉండదు.

అనుభవజ్ఞులతో ముఖాముఖిలో ఒక్కొక్కరికి పావుగంట ఇచ్చారు. ఇంజనీరుగానే కొనసాగి సాంకేతికంగా పై మెట్టుకు వెళ్ళాలా, మేనేజర్ బాధ్యత తీసుకోవాలా అన్నది కొంతకాలంగా నన్ను తొలుస్తున్న ప్రశ్న. నాకు కేటాయించిన ఆవిడ ఈ రెండు దారులూ నడిచి చూసినవారు. సలహా ఇవ్వడానికి బదులు, "ఆ హోదాలో ఉన్నవారిని అడిగితే అది ఎంత బాగుంటుందో చెబుతారండీ. మేనేజర్‌గా కొన్నాళ్ళు చేసి మళ్ళీ కోడ్ రాయడానికి వచ్చినవారు ఇక్కడే ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్ళను పట్టుకోండి" అన్నారు. తర్వాత మరో తేడా కూడా చెప్పారు. మెంటర్ మనతో మాట్లాడేవారు, స్పాన్సర్ మనం లేని గదిలో మన గురించి మాట్లాడేవారు. మొదటివారిని సదస్సులో సంపాదించుకోవచ్చు గాని, రెండోవారు మన పనిని దగ్గరి నుంచి చూసిన తర్వాతే పుడతారు కాబట్టి, ఇక్కడ ఎవరినీ నేరుగా సిఫారసు అడగవద్దని ఆవిడ ఖచ్చితంగా చెప్పారు. ఒక కుర్రాడు అప్పటికే మూడు స్టాళ్ళలో అదే పని చేయడం కళ్ళారా చూసి ఉండటం వల్ల ఆ మాటలోని సత్తా నాకు తేలికగానే బోధపడింది.

మధ్యాహ్నపు చర్చలు ఓపెన్ స్పేస్ పద్ధతిలో జరిగాయి. ఏడాది పాటు శ్రమపడి ఏర్పాటు చేసిన సదస్సులో వచ్చినవారికి అన్నిటికన్నా నచ్చింది కాఫీ విరామాలేనని తెలుసుకున్న హారిసన్ ఓవెన్, మొత్తం సమావేశాన్నే విరామంలా నడిపితే ఏమవుతుందో చూద్దామని 1985లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఎవరికి ఏ అంశం కావాలంటే దాన్ని కాగితం మీద రాసి బోర్డుకు అంటిస్తారు. నేర్చుకోవడానికీ, నేర్పడానికీ ఏమీ లేదనిపించిన మనిషి లేచి మరో చర్చకు వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. నేను "మేనేజర్ పని వదిలి తిరిగి వచ్చినవారు" అని రాసి అంటించాను. వస్తారో రారో అనుకుంటుండగానే కుర్చీలు చాలక కొందరు కిటికీ అంచున కూర్చున్నారు. వారిలో ఒకాయన చెప్పింది నాకు బాగా పనికివచ్చింది: మేనేజర్‌గా చేరే ముందే, తిరిగి ఇంజనీరుగా రావాలనుకుంటే ఏ స్థాయికి వస్తామో, జీతంలో తేడా ఉంటుందో లేదో రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవాలి. ఇంత ముఖ్యమైన సంగతిని మా ఆఫీసులో ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు.

గదికి వచ్చాక ముందు చేసిన పని ఉత్తరాలు రాయడం. రెండు రోజులు ఆగితే ఎవరితో ఏం మాట్లాడామో కలగాపులగమవుతుంది. "మిమ్మల్ని కలవడం చాలా సంతోషం" అన్న వాక్యం ఒక్కటీ రాయలేదు. మేనేజర్ పని వదిలి వచ్చినాయనకు, ఆయన అడిగిన పరికరం పేరు, దాన్ని మేము ఏ సందర్భంలో వాడటం మానేశామో రాశాను. విద్యార్థినికి, డేటాబేస్‌లో మిగిలిపోయిన సమాచారం వల్ల వచ్చే తప్పును మేము పట్టుకున్న తీరును పంపాను. ముఖాముఖిలో కలిసినావిడకు మాత్రం, ఆమె చెప్పిన పని మధ్యాహ్నమే చేశానని ఒక్క వాక్యం. ఏ ఉత్తరంలోనూ కోరిక లేదు. ఎప్పుడో ఒకనాడు కోరవలసి వస్తుందన్న ఎరుక నాకు ఉంది, వారికీ ఉంటుంది. అందులో దాపరికం అక్కరలేదు.

ఇదంతా రాస్తుంటే, రాలేకపోయినవారి సంగతి మనసులో మెదులుతోంది. రుసుము, ప్రయాణం, సెలవు, ఇంట్లో చిన్నపిల్లలు, వీటిలో ఏ ఒక్కటి అడ్డం పడినా ఈ నడవాలోని సంభాషణలు దక్కవు. విద్యార్థులకు ప్రయాణ ఖర్చులిచ్చే ఏర్పాటు ఉన్న సదస్సులు ఉన్నాయి గాని, ఉద్యోగం పోయి, నిజంగా పరిచయాలు అవసరమైన దశలో ఉన్నవారికి ఇచ్చేది చాలా తక్కువ. వచ్చే ఏడాది నిర్వాహకులకు అభిప్రాయాల పత్రంలో ఇదే మొదట రాయాలి.

రేపు ఉదయం ఐదు నిమిషాల మెరుపు ప్రసంగాల జాబితాలో నా పేరు కూడా ఉంది. పది మందిని వెతుక్కుంటూ వెళ్ళడం కన్నా, ఒక ఇబ్బందిని అందరి ముందు పెడితే దానితో సంబంధం ఉన్నవారే వెతుక్కుంటూ వస్తారన్న ఆశతో ఇచ్చాను. స్లైడ్లు ఇంకా ఎక్కువగానే ఉన్నాయి, సగం తీసివేయాలి. ముందుగా తీసేది కంపెనీ పరిచయం స్లైడునే.