ఎన్నూరు రోడ్డు పక్కన రాళ్ల గట్టు మీద

నిన్న తెల్లవారుజామునే తమ్ముడూ నేనూ చెన్నైలో చేపల హార్బర్ ఉన్న కాసిమేడు దాటి, ఎన్నూరు రోడ్డు పక్కన సముద్రంలోకి వేసిన రాళ్ల గట్టు మీదికి వెళ్లాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం కదా, హార్బర్ వైపు చప్పుడే లేదు.

ఎరకు పావుకిలో రొయ్యలు తీసుకెళ్లాం. నాన్న నెల్లూరు దగ్గర మైపాడు తీరంలో నేర్పినట్టే వాడు రొయ్య తల తుంచి, తోక వైపు నుంచి గాలం ఎక్కించి, కొస మాత్రం కాస్త బయటికి వదిలాడు. నాకు అలవాటు తప్పింది. మొదటి మూడు రొయ్యలూ విసిరిన ఊపుకే ఊడిపోయాయి. "మెల్లగా విసురక్కా" అంటూ వాడే నా ఎరను సన్నదారంతో గాలానికి చుట్టి కట్టాడు.

పోటు ఎక్కుతుండగా చూపుడు వేలి మీద దారం రెండుసార్లు టక్ టక్ మంది. లాగితే జెల్ల! దాని వీపు మీదా, పక్క రెక్కల దగ్గరా ఉండే ముళ్లకు విషం ఉంటుంది. నాన్నకు ఒకసారి గుచ్చుకుంటే రాత్రంతా వేడినీళ్లలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. తమ్ముడు దాన్ని తడిగుడ్డతో నొక్కిపట్టి గాలం తీసేదాకా నాకు టెన్షనే.

తర్వాత ఒక చిన్న పండుగప్ప పడింది. బెత్తెడు కూడా లేదు, వదిలేశాం.

ఎండ ఎక్కాక వాడు సంచిలోంచి ఒక చెక్కముక్క తీశాడు. నాన్న గాలం దారం, ఆయన చుట్టిన చుట్టు అలాగే ఉంది. ఆయన పోయిన దగ్గర్నుంచీ దాచాడట, నాకు తెలియనే తెలియదు. చివరి రొయ్య దానికే గుచ్చి ఇద్దరం కలిసి దారం పట్టుకున్నాం. ఏమీ పడలేదు. పదింటిదాకా అలాగే కూర్చున్నాం.