పెద్ద టర్బో, కంపెనీ ఇంజిను

గల్ఫ్‌కు వచ్చిన కొత్తలో నాకు టర్బో అంటే లారీ ఇంజిను పక్కన ఈలవేసే ఇనుప గుల్ల మాత్రమే. డీజిలు బళ్ల మీద పని నేర్చుకొని వచ్చినవాణ్ణి కాబట్టి దాన్ని విప్పడం, కడగడం, అరిగిపోతే కొత్తది బిగించడం తెలుసు గాని, నిక్షేపంలా నడుస్తున్న కారులోంచి నిక్షేపంలాంటి టర్బోను తీయించి, అంతకంటే పెద్దదాన్ని పెట్టమని అడిగేవాళ్లు ఉంటారని తెలియదు. ఇప్పటికి తొమ్మిదేళ్లుగా ఒక షెడ్డులో ఎక్కువగా అటువంటి పనులే చేస్తున్నాను. మా పెద్ద మేస్త్రీని అందరం ఉస్తాద్ అంటాం. ఆయనది ఉర్దూ, ట్యూనింగ్ చూసే కుర్రాడిది ఫిలిప్పీన్స్ తగాలోగ్, బండి యజమానులది అరబ్బీయో ఇంగ్లీషో. స్పానర్ సైజులు, గేజీ మీది అంకెలు మా అందరికీ ఉమ్మడి భాష.

మొన్న వచ్చిన బండి రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. కంపెనీ నుంచే టర్బోతో వచ్చింది. యజమాని ఒక పెద్ద టర్బోను పెట్టెతో సహా తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇది ఒక్కటి మార్చండి, మిగతాదంతా కంపెనీదే ఉండనివ్వండి" అన్నాడు. ఉస్తాద్ ఆ పెట్టె వైపు కాకుండా బానెట్ వైపు చూస్తూ, "టర్బో ఒక్కటే మారడం అనేది ఉండదు భాయ్" అని నాతో అన్నారు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అయితే అది బేరం పెంచే మాట కాదని నాకు అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

ఇంజిను విడిచిపెట్టే పొగ టర్బైను చక్రాన్ని తిప్పుతుంది; అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజినులోకి తోస్తుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. పెట్రోలు ఇంజినులో టర్బైను వైపు పొగ వేడి 900 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోతుంది. మామూలు టర్బోలో రెండు చక్రాల నడుమ ఇరుసును మోసేది పలుచటి ఆయిల్ పొర. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి ఈ ఆలోచనకు 1905లో పేటెంటు తీసుకున్నా, అమ్మకానికి వచ్చే కార్లలోకి అది 1962లో గాని రాలేదు. ఆ ఏడాది అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో, ఇంజిను నాకింగ్ కొట్టకుండా ఉండటానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని గాలితోపాటు చల్లే ఏర్పాటు పెట్టవలసి వచ్చింది. అంటే కారులో టర్బో పెట్టిన తొలినాటి నుంచీ నాకింగ్ భయం దాని వెంటే ఉంది. ఇంధనం తన వేళకు కాకుండా, సిలిండరులో ఒక మూలన తనంతట తానే భగ్గున అంటుకోవడమే నాకింగ్. పిస్టన్ తలను అది సుత్తితో కొట్టినట్టు కొడుతుంది.

పెద్ద టర్బో వల్ల లాభమేమిటో చాలామంది యజమానులు తప్పుగా అనుకుంటారు. టర్బో గాలిని నొక్కే ఒత్తిడే బూస్ట్; బూస్ట్ గేజీలో అంకె పెరగడమే బలం పెరగడం అని వాళ్ల నమ్మకం. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. బయట 45 డిగ్రీలున్న మధ్యాహ్నం, 70 శాతం సామర్థ్యంతో పనిచేసే కంప్రెసర్ ఒక బార్ (ఒత్తిడి కొలత) బూస్ట్ ఇస్తే, దాని నోటి నుంచి వచ్చే గాలి లెక్క ప్రకారం 145 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. కంపెనీ ఇచ్చిన చిన్న టర్బోను దాని శక్తికి మించి తోలినప్పుడు ఆ సామర్థ్యం పడిపోయి, గాలి ఇంకా కాగుతుంది. కాగిన గాలి పలుచనవుతుంది, నాకింగ్‌ను దగ్గరకు తెస్తుంది. అదే బూస్ట్‌ను పెద్ద టర్బో సులువుగా, తక్కువ వేడితో ఇస్తుంది. పైగా టర్బైను వెడల్పుగా ఉండటం వల్ల పొగకు దారి సుఖంగా ఉంటుంది. కాబట్టి కంపెనీ ఇంజిను మీద పెద్ద టర్బో పెట్టేవాడు ముందు పాత బూస్ట్ అంకె దగ్గరే నిలబడి, అక్కడే ఎంత ఎక్కువ గాలి దొరుకుతోందో చూసుకోవాలన్నది నా పట్టుదల. ఉస్తాద్ కూడా ఇదే అంటారు గాని, ఆయన ఒక్క ముక్కలో అంటారు. నాకు లెక్క వేస్తే తప్ప నమ్మకం కుదరదు.

దీనికి చెల్లించవలసింది ఆలస్యం. పెద్ద చక్రం కదలడానికి ఎక్కువ పొగ కావాలి, అందువల్ల ఇంజిను నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగేటప్పుడు పాత టర్బో అందుకునే బూస్ట్‌ను కొత్తది మూడున్నర వేల దగ్గర అందుకోవచ్చు. బండి తోలేవాళ్లకు ఇది లోటుగా కనిపిస్తుంది. పిస్టన్లను మోసే కనెక్టింగ్ రాడ్లకు మాత్రం ఇది ఊరట, ఎందుకంటే కంపెనీ రాడ్లు వంగేది ఎక్కువగా తక్కువ చుట్ల దగ్గర ఒక్కసారిగా విరుచుకుపడే టార్క్ (తిప్పే బలం) వల్లనే.

టర్బోను ముట్టుకునే ముందు ఇంజినును పరీక్షించాం. నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్, అంటే లోపల గాలిని ఎంత గట్టిగా నొక్కగలుగుతున్నాయో చూశాం; నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒక్కటి వెనకబడి ఉన్నా పని అక్కడే ఆపేసేవాళ్లం. ఆ తర్వాత ఇంధనం. మామూలు నడకలో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి సరిపోతుంది. నిండు బూస్ట్‌లో మాత్రం పన్నెండుకు కాస్త అటూ ఇటూగా, అంటే పెట్రోలు ఎక్కువగా ఉండేట్టు చూస్తాం, ఆ అదనపు పెట్రోలు సిలిండరును చల్లబరుస్తుంది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు తెరుచుకొని ఉండే సమయం, దానికి దొరికే మొత్తం సమయంలో 85 శాతం దాటితే దానికి ఊపిరి లేనట్టే. ఈ బండి ఇంజెక్టర్లు పాత టర్బోతోనే 80కి దగ్గరగా పనిచేస్తున్నాయని, బండి నడకను నమోదు చేసిన లాగ్‌లో కనబడింది. ఆ కాగితం చూపించాక యజమాని పెద్ద ఇంజెక్టర్లకూ ఫ్యూయల్ పంపుకూ ఒప్పుకున్నాడు. స్పార్కు ప్లగ్గులు ఒక మెట్టు చల్లటివి, అంటే వేడిని త్వరగా వదిలించుకునేవి వేసి, సందు 0.7 మిల్లీమీటర్లకు తగ్గించాం. సిలిండరులో ఒత్తిడి పెరిగినప్పుడు వెడల్పు సందులో నిప్పురవ్వ ఆరిపోతుంది. క్లచ్ మాత్రం పాతదే. అది జారడం మొదలుపెడితే అప్పుడు చూసుకుందామన్నాడు, సరేనన్నాం.

విప్పడంలో అసలు కష్టం, పొగ వచ్చే మానిఫోల్డ్ పైపును పట్టి ఉంచే స్టడ్లది (తల లేని బోల్టులు). ఏళ్ల తరబడి కాగి చల్లారిన ఇనుము అది. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేశాం, పొద్దున గ్యాస్ టార్చితో నట్టును వేడిచేసి, విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ బిగించే వైపు కాస్త, అలా ముందుకూ వెనక్కూ ఆడించి తీశాం. నాలుగోది తిరుగుతూ తిరుగుతూ ఉన్నట్టుండి మెత్తబడింది. ఆ మెత్తదనం చేతికి తెలుస్తుంది: నట్టు వదలడం లేదు, స్టడ్డే మెలితిరుగుతోంది. ఆపేలోపే టప్పున తెగింది. మిగిలిన మొండి మీద పెద్ద నట్టు పెట్టి, దాని కన్నంలోంచి వెల్డింగ్ చేసి, ఎరుపు తగ్గాక స్పానర్ వేస్తే, ఆ వెల్డింగ్ వేడికి తుప్పు పట్టు సడలి, మొండి సాఫీగా బయటికి వచ్చింది. వచ్చిన మొదటి ఏడాది ఇటువంటిదే ఒకటి డ్రిల్లుతో తీయబోయి మరలు పాడుచేసి, రోజంతా తిట్లు తిన్నాను. తిట్లు నాకు రాని భాషలో ఉండటం ఆనాడు కొంత నయమనిపించింది.

టర్బో తీసిన వెంటనే తెరిచి ఉన్న ప్రతి కన్నంలోనూ గుడ్డ కుక్కుతాం. ఎన్ని గుడ్డలు కుక్కామో ముందు అద్దం మీద మార్కరుతో అంకె రాస్తాం. బిగించేటప్పుడు అన్ని గుడ్డలూ చేతికి వస్తే తప్ప ఆ అంకె చెరపం. లక్ష చుట్లు తిరిగే అల్యూమినియం రెక్కకు ఇసుక రేణువు తగిలినా గాటు పడుతుంది, ఇక వాషరో నట్టో అయితే చెప్పనక్కరలేదు.

ఆయిల్ దారి దగ్గర నేను ఎవరి తొందరనూ ఒప్పుకోను. దానికి కారణం నా తప్పే. మూడో ఏట, ఆయిల్ రిటర్న్ ఫ్లాంజి దగ్గర గ్యాస్కెట్ కాస్త చిరిగితే, కొత్తది తెప్పించేదాకా ఆగలేక సిలికాన్ పూసి బిగించాను. పిండినప్పుడు లోపలికి పొంగిన సిలికాన్ అక్కడే గడ్డకట్టి దారిని సగం మూసేసింది. టర్బో నుంచి దిగే ఆయిల్‌కు ఒత్తిడి ఉండదు. నురగలాగా మారి, తన బరువుతో తానే కిందికి జారి ఆయిల్ పాన్‌లో పడాలి. దారి ఇరుకైతే అది టర్బోలోనే నిలిచి, ఇరుసు దగ్గరి సీళ్లను దాటి పొగలోకి కారుతుంది. వారం తిరగకుండానే ఆ బండి నీలం పొగ వదులుతూ వచ్చింది. టర్బో పాడైందని అందరూ అనుకున్నారు. విప్పి చూస్తే నా సిలికాన్ నల్లటి జెల్లీలా వేలాడుతోంది. ఉస్తాద్ దాన్ని తీసి నా అరచేతిలో పెట్టి వెళ్లిపోయారు. అప్పటి నుంచి గ్యాస్కెట్ వచ్చేదాకా బండి రాంపు మీద ఉండవలసిందే, ఎవరు ఫోన్ చేసినా సరే. ఈసారి రిటర్న్ పైపు ఎక్కడా పైకి లేవకుండా, ఆయిల్ మట్టానికి పైనే పాన్‌లో కలిసేట్టు వంపు సరిచేశాం. కొత్త టర్బో బాల్ బేరింగుది కాబట్టి ఆయిల్ వచ్చే దారిలో ఆయిల్‌ను అదుపు చేసే, దాదాపు ఒక మిల్లీమీటరు కన్నమున్న రెస్ట్రిక్టర్ వేశాం. అటువంటి బేరింగుకు ఆయిల్ తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే. రాగి వాషర్లన్నీ కొత్తవే.

బిగింపు అయ్యాక బండిని వెంటనే స్టార్ట్ చేయలేదు. ఆయిల్ దారి మూతిలో సిరంజితో కాస్త ఆయిల్ పోసి, చక్రాన్ని వేలితో తిప్పాం. తర్వాత ఇంజెక్టర్ల, కాయిళ్ల వైరు ప్లగ్గులు ఊడదీసి, ఇంజిను అంటుకోకుండా స్టార్టర్‌తో కాసేపు, ఆపి మళ్లీ కాసేపు తిప్పుతూ, ఆయిల్ ప్రెషర్ దీపం ఆరేదాకా చేశాం. అప్పుడు గాని తాళం పూర్తిగా తిప్పలేదు. గాలి పైపుల మూతులు మూసి, షెడ్డులోని కంప్రెసర్ గాలి పెట్టి సబ్బు నురగతో చూస్తే, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ దగ్గరి క్లాంపు ఒకటి బుడగలు విడిచింది. గాలి అక్కడ కారిపోతూ ఉంటే టర్బో ఆ లోటు పూడ్చడానికి ఇంకా వేగంగా తిరిగి తన ఆయుష్షు తానే తగ్గించుకుంటుంది.

ట్యూనింగ్ మా కుర్రాడి పని. సాయంత్రం చల్లబడ్డాక చేద్దామని యజమాని అన్నాడు గాని, మధ్యాహ్నం ఎండలోనే చేద్దామని నేను గట్టిగా చెప్పాను. చల్లటి గాలిలో ఎంతో ముచ్చటగా వచ్చిన అంకెలు ఎండలో నాకింగ్ కొట్టిస్తాయి. కంపెనీ ప్రెషర్ సెన్సర్ చదవగలిగిన హద్దు దాటితే గాలి ఎంత వస్తోందో ఇంజిను కంప్యూటరుకు తెలియదు కాబట్టి, బూస్ట్‌ను ఆ హద్దుకు లోపలే కట్టేసి, ఇగ్నిషన్ టైమింగ్‌ను (నిప్పురవ్వ పడే వేళను) కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ, నాకింగ్ జాడ కనిపించిన ప్రతిచోటా వెనక్కి తీశాడు. చివరికి పాత బూస్ట్ మీద ఒక బార్‌లో అయిదో వంతు మాత్రమే పెంచాం. అంకె ఇంతేనా అని యజమాని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. బండి ఒక చుట్టు తిప్పుకొని వచ్చాక మాత్రం గేజీ సంగతి ఎత్తలేదు.

అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక బండిని మళ్లీ తెమ్మన్నాం, తెచ్చాడు. బిగించిన ప్రతి నట్టు మీదా, దాని పక్కన ఇనుము మీదా కలిసేట్టు నేను పసుపు రంగు గీత గీస్తాను. నట్టు రవ్వంత కదిలినా గీత రెండుగా విరుగుతుంది. టార్చి లైటు పట్టుకొని ఒక్కొక్కటే చూశాను. మానిఫోల్డ్ దగ్గరి గీతలు వేడికి గోధుమ రంగుకు మారాయి గాని, అన్నీ తిన్నగానే ఉన్నాయి. రిటర్న్ పైపు కింద వేలు పెట్టి తుడిస్తే పొడిగా ఉంది. వేలిని ఉస్తాద్‌కు చూపించాను. ఆయన తల ఊపి, తర్వాతి బండి తాళాలు నా వైపు విసిరారు.