ఐదు గుంటల నీడ

ఫిబ్రవరి చివర్లో మా చిన్నాయన దేవరకొండ దగ్గరి మా ఊరి నుంచి ఎల్బీనగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు ఆయన వస్తున్నాడంటే గోనెసంచి నిండా బత్తాయిలు వచ్చేవి. బోర్లు ఎండిపోయి తోట కొట్టేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ నాలుగెకరాల చెలకలో పత్తే. ఈసారి సంచిలో పట్టాదారు పాస్‌బుక్కు జిరాక్సు, నోట్‌బుక్కులోంచి చించిన కాగితం మీద ఒక లెక్క ఉన్నాయి.

"ఎకరం పాలీహౌస్ ఏద్దామనుకుంటున్న బిడ్డా. భూమి బ్యాంకుల పెడ్త," అన్నాడు. పాలీహౌస్ అంటే ప్లాస్టిక్ కప్పు కింద పంట పండించే పెద్ద షెడ్డు.

పిన్ని అంతకుముందు రోజే ఫోన్ చేసి ఏడ్చింది. ఉన్న ఒక్క ఆధారం తాకట్టు పెడితే రేపు ఇద్దరు పిల్లల గతేంటని ఆమె భయం. చిన్నాయన బాధా నాకు తెలుసు. రెండేళ్లుగా పత్తి ఏరే సమయానికే వాన పడుతోంది. వద్దని చెప్పడానికి నా దగ్గర ఏ తెలివీ లేదు. "లోను సంగతి తర్వాత. ఇప్పటికే వేసినవాళ్లను రెండు రోజులు తిరిగి చూద్దాం," అన్నాను. సెలవు పెట్టాను.

పూలతో మొదలుపెట్టాం. ఆయన లెక్క అంతా జెర్బెరా పూల మీదే ఉంది మరి. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరి మెహిదీపట్నం దగ్గరి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు చేరేసరికి అక్కడ పట్టపగల్లా ఉంది. ఒక వైపు బంతి, చామంతి గుట్టలు. అవి బయట పొలాల్లో పండినవి, తూకానికి అమ్ముతారు. ఇంకో వైపు జెర్బెరాలు. ఒక్కో పువ్వు తలకి చిన్న ప్లాస్టిక్ తొడుగు తొడిగి, పదేసి కట్టగట్టి, అట్టపెట్టెల్లో నిలబెట్టారు. ఆ రోజు కట్ట 60 రూపాయలు పలుకుతోంది. చిన్నాయన ముఖం వెలిగింది, కాగితం తీసి లెక్క చూసుకున్నాడు.

కమీషన్ వ్యాపారి ఒకాయన టీ తాగుతూ మమ్మల్ని చూసి, సంగతి కనుక్కుని, దాచుకోకుండా చెప్పాడు. "ఇది మాఘమాసం, ముహూర్తాలున్నయి. ఆషాఢంల రా పెద్దాయనా. గిదే కట్ట 15కి అడిగెటోడు కూడా ఉండడు. చెట్టు మాత్రం ఆషాఢమని పూయకుండ ఉండదు గద."

పార్కింగ్ దాకా చిన్నాయన ఒక్క మాట మాట్లాడలేదు.

లంగర్‌హౌజ్, అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల రోడ్డెక్కాం. రెండు వైపులా ముసలి మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వీటిని కొట్టనివ్వద్దని జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఆ కొమ్మల కింద నుంచి పోతుంటే వాళ్లందరికీ దండం పెట్టాలనిపించింది. ఈ పక్క ఊళ్లలో ఇంకా కూరగాయలు, పూలు పండుతున్నాయంటే దానికి ఒక కారణం 1996లో వచ్చిన 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు నీరొచ్చే 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అది అడ్డుపడింది. నగరానికి ఇంత దగ్గరలో సాగు మిగిలింది.

చేవెళ్ల ఇంకా రాకముందే రోడ్డు నుంచి తెల్లటి కప్పులు కనిపించాయి. వాటి మధ్య అక్కడక్కడా ప్లాస్టిక్ లేకుండా వట్టి ఇనుప బొంగులు. ఒకదాంట్లో మేకలు మేస్తున్నాయి. చిన్నాయన కారు ఆపమన్నాడు. దిగి కంచె పట్టుకుని చాలాసేపు చూశాడు. "గిది కూడా లోనే అయ్యుంటది," అన్నాడు మెల్లగా.

మాకు తెలిసినవాళ్లు చెప్పిన రైతు పాలీహౌస్ అక్కడికి రెండు కిలోమీటర్లు. పదేళ్ల కిందట ఎకరంలో వేశాడు. 2014లో కేంద్ర ఉద్యాన మిషన్ కట్టిన లెక్క ప్రకారం ఇంత పెద్ద పాలీహౌస్‌కు చదరపు మీటరుకు 844 రూపాయలు, అంటే ఎకరానికి దాదాపు 34 లక్షలు. అప్పట్లో మన రాష్ట్రం 75 శాతం సబ్సిడీ ఇచ్చింది. మిగతాది, నారు, ఎర్రమట్టి, ఎరువు, డ్రిప్పు అన్నీ రైతువే. ఆయన అప్పు చేసి దిగాడు.

లోపలికి వెళ్లాలంటే రెండు తలుపులు. మొదటిది మూసుకున్నాకే రెండోది తీయాలి, లేకపోతే మన వెంటే ఆకుల రసం పీల్చే తెల్లదోమ వస్తుంది. తలుపు దగ్గర మందునీళ్ల తొట్టిలో చెప్పులు తడిపి అడుగుపెట్టగానే నా కళ్లద్దాలు మసకబారాయి. పొద్దున పదిన్నరకే ఒళ్లంతా చెమట. తలెత్తితే పైన 200 మైక్రాన్ల ప్లాస్టిక్, పక్కలకు పురుగు దూరని సన్నటి జాలీ, నడికప్పులో వేడి బయటికి పోయే సందు. ఆ సందు గాలి వచ్చే దిక్కుకు కాకుండా గాలి పోయే దిక్కుకు ఉండాలట. ఎదురుగా పెడితే వైశాఖం గాలిదుమారానికి కప్పు గాలిపటమైపోతుంది. ఆయనకు బిగించిన కాంట్రాక్టర్ అది పట్టించుకోలేదు. రెండో ఏడే ప్లాస్టిక్ చినిగింది. గాలి నుంచి కాపాడుకున్నా మూడు, నాలుగేళ్లకు ఎండ దాన్ని పెళుసు చేస్తుంది, మార్చక తప్పదు. రోడ్డు పక్కన మేం చూసిన బొంగులు చాలావరకు ఆ మార్చే డబ్బు దగ్గర ఆగిపోయినవేనని చెప్పాడు.

తర్వాత ఒక మడి దగ్గర కూర్చుని, వాడిపోయిన జెర్బెరా మొక్క ఒకటి పీకి చిన్నాయన అరచేతిలో పెట్టాడు. వేళ్ల నిండా బుడిపెలు, జొన్నగింజలంత. పూసలదండలా ఉంది. "నులిపురుగు. ఈడ మట్టి వానకు తడవదు, ఎండకు ఎండదు, ఏడాది పొడుగునా ఒక్కటే పంట. ఇంకేం గావాలె దానికి?" పంట తీశాక ఎండాకాలంలో మడి తడిపి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, మట్టిని కాగబెట్టాలి. వేపపిండి, ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలపాలి. మొదట్లో ఇవేవీ తనకెవరూ చెప్పలేదన్నాడు. చిన్నాయన ఆ వేళ్లను వేలితో తడుముతూనే ఉన్నాడు.

2020 లాక్‌డౌన్ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. పెళ్లిళ్లు ఆగిపోయాయి, మార్కెట్ మూతపడింది. అయినా పూలు కోయాల్సిందే, కోయకపోతే చెట్టు పాడవుతుంది. రోజూ కూలి ఇచ్చి కోయించి గట్టు పక్కన గోతిలో పోశాడు. "పువ్వును కోసి పారబోసుడు ఎట్లుంటదో ఎవ్వరికి రావొద్దన్నా." పోయినేడు అప్పు తీరింది. ఇప్పుడు సగం పూలు, సగం క్యాప్సికం. బాగానే ఉందంటాడు. కానీ దగ్గరి చుట్టాల పెళ్లికి మూడు రోజులు వెళ్లొస్తే ఎర్రనల్లి పురుగు రెండు మళ్లు తినేసిందట.

వచ్చేటప్పుడు చిన్నాయనను ఒకటి అడిగాడు. "నీళ్లు టెస్ట్ చేయించినవా?"

లేదు. దాని గురించి మేం ఆలోచించనే లేదు. మాది నల్లగొండ నీళ్లు. ఉప్పు, సున్నం ఎక్కువైతే డ్రిప్పు రంధ్రాలు పూడుకుపోతాయి, నీళ్లలో కలిపిచ్చే ఎరువు కూడా మొక్కకు సరిగా అందదు. అన్నిటికంటే ముందు అది చూడమన్నాడు.

షాబాద్ వైపు ఇంకో ఊళ్లో ఒకామెది చిన్న నెట్‌హౌస్ ఉందని ఆయనే చెప్పి పంపాడు. తిరిగిన రెండు రోజుల్లో నాకు బాగా గుర్తున్నది అక్కడి గంటన్నరే.

ఐదు గుంటలు. అంటే 500 చదరపు మీటర్లకు కాస్త పైన. ప్లాస్టిక్ లేదు. పైన నీడనిచ్చే నెట్, పక్కలకు పురుగు జాలీ. లోపలికి వెళ్తే వేపచెట్టు కిందికి వెళ్లినట్టుంది. అప్పుడు నాకు తట్టింది. గ్రీన్‌హౌస్ అన్నది చలిదేశాలవాళ్లు వేడిని పట్టి ఉంచడానికి కట్టుకున్న ఇల్లు. మన బాధ చలి కాదు. మనకు ఎండ తగ్గాలి, పురుగు ఆగాలి, వడగళ్ల దెబ్బ తగ్గాలి, ఉన్న కొద్ది నీళ్లు ఆవిరైపోకుండా ఉండాలి. ఆ పనికి ప్లాస్టిక్ పెట్టె కన్నా నీడే ఎక్కువ నప్పుతుంది. సన్నకారు రైతుల కోసం ఇలాంటి చిన్న, చవక గ్రీన్‌హౌస్‌నే తయారుచేసిన మన హైదరాబాద్ సంస్థ ఖేతికి 2022లో ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది, పది లక్షల పౌండ్లు. మామూలు గ్రీన్‌హౌస్ కన్నా 90 శాతం తక్కువ ఖర్చు, ఆరుబయటి సాగు కన్నా 98 శాతం తక్కువ నీళ్లు, ఏడు రెట్లు దిగుబడి అని బహుమతి ఇచ్చినవాళ్లు రాశారు. అన్ని పొలాల్లో అంత వస్తుందో లేదో గానీ, దారి మాత్రం సరైనదని ఆమె నెట్ కింద నిలబడ్డప్పుడు నమ్మకం కలిగింది.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. చిన్నాయనను "అన్నా" అని పిలిచి మంచినీళ్లు ఇచ్చింది. భర్త ఆటో నడుపుతాడు. రెండెకరాల్లో కంది, పత్తి. ఆ మూల బోరు పక్కన ఈ ఐదు గుంటలు. ఒక పక్క కీర దోస, ఒక పక్క క్యాప్సికం.

"కీర గింజ ఒక్కోటి ఏడు రూపాయలన్నా. పొల్లు పోతే గుండె గుభేల్మంటది," అంది. జాలీలోంచి తేనెటీగ రాదు కాబట్టి ఈగ అవసరం లేకుండానే కాయ పట్టే రకమే వేయాలి, గింజ ధర అందుకే అంత. నలభై రోజులకు కోత మొదలైంది. రోజు విడిచి రోజు కోస్తే క్వింటాలు పైనే వస్తోంది. కొంత చేవెళ్లలోనే పోతుంది, కొంత భర్త ఆటోలో మెహిదీపట్నం రైతుబజారుకు. ఆ ఉదయం కిలో 22 రూపాయలకు ఇచ్చిందట. 12కి ఇచ్చిన రోజులూ ఉన్నాయంది.

మాట్లాడుతూనే క్యాప్సికం వరుసలోకి నడిచింది. మోకాలెత్తు మొక్కలు. ప్రతి మొక్కకూ రెండే కొమ్మలు ఉంచి మిగతావి గిల్లేసింది. ఒక్కో కొమ్మకు మొదలు దగ్గర వదులుగా ముడేసిన దారం పైన కట్టిన తీగ దాకా పోయింది. కొమ్మ పెరిగేకొద్దీ దాన్ని దారం చుట్టూ తిప్పుతుంది. ఒక మొక్క దగ్గర ఆగి, కొమ్మలు చీలే చోట విచ్చుకున్న తొలి తెల్ల పువ్వును బొటనవేలి గోరుతో తుంచి పడేసింది.

"అయ్యో, పువ్వు తీస్తివేంది చెల్లే?" అన్నాడు చిన్నాయన.

"గిది ఉంచితే చెట్టు దాని మీదనే పాణం పెడ్తదన్నా, ఎదగదు. మొదట్ల నాక్కూడా చెయ్యి రాలే. మా ఆయన లేనప్పుడు తుంచిన."

ఆకు వెనక్కి తిప్పి చూడటం, పసుపు, నీలం జిగురు అట్టలకు ఎన్ని పురుగులు అంటాయో చూడటం, డ్రిప్పు పైపుల కొసలు విప్పి కడగటం, అన్నీ పొద్దున వంటకు ముందు, సాయంత్రం పాలు పితికే ముందు అయిపోతాయంది. కూలీలను పిలిచేది దారాలు కట్టే రోజుల్లోనే. పోయిన మే నెలలో గాలికి ఒక పక్క నెట్ ఊడితే ఆమె, భర్త, కొడుకు కలిసి ఒక రాత్రిలో బిగించుకున్నారట. ఎకరం కప్పు చినిగితే అది ఇంట్లోవాళ్ల చేతుల్లో ఉండే పని కాదు. పొద్దున ఆ పెద్దరైతు చెప్పినదానికీ ఈమె చెప్పినదానికీ తేడా ఎక్కడుందో చిన్నాయనకు నాకన్నా ముందే అర్థమైనట్టుంది. అప్పటిదాకా చేతిలో పట్టుకుని తిరిగిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పైసలు ఎప్పుడొస్తయి చెల్లే, పంటకొక్కసారా?" అని అడిగాడు.

"కోసినప్పుడల్లా," అంది. "మా పిల్ల హాస్టల్ ఫీజు నేనే కట్టిన. ఎవ్వర్నీ అడగలే."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె తల పైకెత్తిన తీరు చూసి నాకు పిన్ని గుర్తొచ్చింది. పత్తి డబ్బు ఏడాదికోసారి వస్తుంది, వచ్చిన రోజే షావుకారుకు పోతుంది. పిన్ని చేతికి తనదంటూ వారం వారం వంద రూపాయలు వచ్చిన రోజు ఉందా? నేనైతే చూడలేదు. ఫోన్ కలిపి ఇద్దరితో మాట్లాడించాను. పావుగంట మాట్లాడుకున్నారు. కీర గురించి కన్నా పాముల గురించి ఎక్కువ. నెట్‌హౌస్‌లో చల్లగా ఉంటుంది కదా, పాములు వస్తాయా అని పిన్ని అడిగింది. ఒకసారి వచ్చిందని ఈమె నిజమే చెప్పింది.

మర్నాడు జీడిమెట్లలోని ఉద్యానశాఖ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌కు వెళ్లాం. కొబ్బరిపొట్టు నింపిన ప్రోట్రేలలో నారు వరుసలు, రకరకాల కప్పులు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. చిన్నాయన మాత్రం అక్కడి సిబ్బందిని ఒకే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాడు, నీళ్ల గురించి. సాయంత్రం ఎంజీబీఎస్‌లో బస్సెక్కేముందు ఐదు గుంటలంటే ఎన్ని అడుగులో నా ఫోన్‌లో లెక్క వేయించుకున్నాడు. పొడవు, వెడల్పు రెండు మూడు రకాలుగా చెప్పించుకుని అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

పది రోజుల తర్వాత ఆదివారం ఉదయం పిన్ని ఫోన్ చేసింది. దేవరకొండ బస్సులో మా ఊరాయన వస్తున్నాడని, ఆయన దగ్గర ఒక సీసా తీసుకోవాలని. వెళ్లి తీసుకున్నాను. లీటరు నీళ్ల సీసా, మూతకు గట్టిగా టేపు. పైన అతికించిన కాగితం మీద చిన్నాయన పెద్ద పెద్ద అక్షరాలు. "తూర్పు చెలక బోరు. అర్ధగంట నడిపినంక పట్టినవి." కింద వేరే చేతిరాతలో, పిన్నిదే, ఇంకో ముక్క. "రిజల్ట్ రాంగనె నాకు ఫోన్ చెయ్యి."

సోమవారం పొద్దున్నే ఆ సీసాను ఒళ్లో పెట్టుకుని రాజేంద్రనగర్ బస్సెక్కాను.