గాలికి తడి లేదు

"తంబీ, మీ ఊళ్లో కొళాయి ఇలాగే వదిలేస్తారా?"

చెన్నై అంబత్తూరులోని మా ప్లాంటుకు ఆదివారం సెలవు. మరమ్మతు పని ఉండి వెళ్లాను. ఒక్క మెషీనూ తిరగడం లేదు, వాటికి గాలిని నొక్కి పంపే కంప్రెసర్ మాత్రం లోడెక్కుతూ దిగుతూ ఉంది. స్టోర్స్ పెద్దాయన ఆ మాట అనేసి వెళ్లిపోయారు. మూడు వారాలైనా గుచ్చుకుంటూనే ఉంది.

నాది అనంతపురం జిల్లా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే నేల. 2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండితే దేశమంతా చెప్పుకుంది. మా అమ్మ బిందెల వరుసను ఎవరు చూడవచ్చారు? నీళ్ల గురించి నన్ను అడగడమా! మా నాన్న తెల్లవారకముందే చీనీ తోటలో డ్రిప్పు పైపుల వెంట నడుస్తారు. ఉడత కొరికిన చోట మట్టి నల్లగా కనిపిస్తుంది. అక్కడే కూర్చుని, పైపు కోసి, జాయినరు వేసి లేస్తారు.

ఆయన కొడుకునై ఉండి, పైపుల్లోంచి గాలి కారిపోతోందని నేనెందుకు కనిపెట్టలేదు? గాలి నేలను తడపదు. మెషీన్ల హోరులో దాని బుస చెవికందదు.

ఆ పూట గడియారం చూస్తూ నిలబడ్డాను. రెండు నిమిషాలు లోడు, అంటే గాలి నింపడం; నాలుగు నిమిషాలు ఖాళీగా తిరగడం. కంప్రెసర్ ఇవ్వగల గాలిలో మూడో వంతు ఎవరికీ అందకుండా పోతోందన్నమాట. అసలే అది తినే కరెంటులో చాలా భాగం వేడిగా పోతుంది. పైగా, చివరి మెషీనుకు గాలి చాలడం లేదని ప్రెషరు ఒక బార్ పెంచింది నేనే. బార్‌కు సుమారు 7 శాతం కరెంటు ఎక్కువ పడుతుంది, చిల్లుల్లోంచి పోయే గాలీ పెరుగుతుంది.

సబ్బునీళ్లు, బ్రష్షు తీసుకున్నాను. చిత్తూరు తమ్ముడు నిచ్చెన పట్టుకున్నాడు. మొదటి బుడగ నేను రోజూ నిలబడే చోటనే, హోసు క్లిప్పు కింద కనిపించింది. ఉబ్బి, వణికి, పగిలింది. వెంటనే ఇంకొకటి. సాయంత్రానికి పదిహేడు చోట్ల చాక్‌పీసు గుర్తులు పెట్టాం.

మొన్న ఆదివారం మళ్లీ చూశాను. లోడు ఒకటిన్నర నిమిషం, ఖాళీ పన్నెండు. ఇంకా తొమ్మిదో వంతు పోతోంది.

పెద్దాయనకు మా నాన్న గురించి చెప్పాలి. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు చీనీకాయలు తెస్తాను. అప్పుడు చెబుతాను.