మేక కూడా ముట్టని ఆకు

2025 సెప్టెంబర్లో అమ్మా నాన్నా ఇక్కడికి వచ్చిన మూడో రోజు, రాత్రి రెండింటికి నాన్న మా గది తలుపు కొట్టాడు. "లేవరా, పెరట్లోకి అడవిపంది జొరబడ్డట్టుంది" అని. వింటే నిజంగానే అట్లానే ఉంది, గుర్రుమని ఊపిరి లోపలికి లాగటం, తర్వాత పెద్ద త్రేన్పు, మళ్ళీ గుర్రు. మేము ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ పక్కన రెడ్‌ల్యాండ్స్‌లో ఉంటాం కాబట్టి మాకు అలవాటే, ఆగస్టు దాటిందంటే ఈ అరుపులు మొదలవుతాయి. అది పంది కాదు నాన్నా, చెట్ల మీద ఉండే కోలా అనే జంతువు, మగది, ఆడవాటిని పిలుస్తోంది అంటే నమ్మలేదు. టార్చి వేద్దాం అన్నాడు, వద్దు దాని కళ్ళలో పడుద్ది, పొద్దున్నే చూద్దాం అని పడుకోబెట్టా.

పొద్దున చూసి ఇంకా ఆశ్చర్యపోయాడు, ఇంతేనా అని. మా క్వీన్స్‌లాండ్ కోలాలు చిన్నవి, మగది కూడా ఆరేడు కిలోలే ఉంటుంది, దక్షిణాన విక్టోరియావి అయితే దాదాపు రెట్టింపు. అంత చిన్న ప్రాణికి ఏనుగంత జంతువుకి ఉండాల్సిన గొంతు ఎట్లా వచ్చిందో 2013లో కనిపెట్టారు, మనందరికీ ఉండే స్వరతంత్రులు కాక వాటికి గొంతులో ఇంకాస్త పైన ఇంకో జత మడతలు ఉన్నాయంట, అవి లావుగా ఉండటం వల్ల స్వరం అంత కిందికి దిగుతుంది.

కానీ నాన్న కోలాని చూసింది తక్కువ, చెట్టుని చూసింది ఎక్కువ. కింద రాలిన ఆకు ఒకటి తీసి నలిపి వాసన చూశాడు, బెరడు ఊడి నున్నగా ఉన్న మాను మీద చెయ్యి వేసి రాశాడు. "ఇది మన జామాయిలేరా" అన్నాడు.

కరెక్టే! ఇక్కడ దీన్ని బ్లూ గమ్ అంటారు, ఫారెస్ట్ రెడ్ గమ్ అనీ అంటారు, శాస్త్రం పేరు యూకలిప్టస్ టెరెటికార్నిస్. మన దగ్గర మైసూర్ గమ్ అన్నదీ ఇదే, ఖమ్మం జిల్లాలో పేపర్ మిల్లు కోసం వేసే జామాయిల్ క్లోన్లలో ఎక్కువ భాగం ఈ జాతివీ, దీని చుట్టం కమాల్డ్యులెన్సిస్‌వీ. మాకు అశ్వారావుపేట దగ్గర ఐదెకరాల జామాయిల్ ఉండేది. నాలుగేళ్ళకోసారి కొట్టించటం, తోలు తీయించి లారీకెత్తించటం, మోళ్ళ నుంచి పిలకలు వస్తే రెండుంచి మిగతావి తీసేయటం, నా చదువు ఫీజులు కట్టింది ఆ చెట్టే. ఆ చెట్టుకి ఇంత దూరంలో పుట్టిల్లు ఉందని, ఆ పుట్టింట్లో దాన్నే నమ్ముకుని బతికే ప్రాణి ఒకటుందని నాకు ఇక్కడికి వచ్చేదాకా తెలీదు.

నాన్న అడిగిన మొదటి ప్రశ్న రైతు అడిగే ప్రశ్నే. "జామాయిల్ తోటకి కంచె అక్కర్లేదు అనేవాళ్ళం, గొడ్డు ముట్టదు, మేక కూడా ముట్టదు. ఇదెట్ట తింటదిరా?"

దీనికి జవాబు చెప్పటానికి నాకు ఒక పూట పట్టింది. ఆ ఆకు నిజంగా విషమే. ఘాటైన నూనెలు, ఫినాల్స్, టానిన్లు, పోనీ అది తట్టుకున్నా లోపల బలం ఏమైనా ఉందా అంటే అదీ లేదు, పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. 2018లో కోలా జన్యుపటం మొత్తం బయటపెట్టినప్పుడు తేలిందేంటంటే, కాలేయంలో విషాలని విరిచే ఎంజైముల జన్యువులు దీనికి మిగతా జంతువుల కంటే చాలా ఎక్కువ కాపీలు ఉన్నాయి. (మందులు కూడా అట్లానే త్వరగా విరిగిపోతాయి, డాక్టర్లకి అదో తలనొప్పి.) ఆ పైన సీకం అనే పేగు, మనకి అపెండిక్స్ అంటుకుని ఉండే చోటు, దీనికి ఏకంగా రెండు మీటర్ల దాకా ఉంటుంది. అందులో సూక్ష్మజీవులు ఆ పీచుని నానబెట్టి పులియబెట్టి ఏదో కాస్త శక్తి తీస్తాయి. రోజుకి అర కిలో నుంచి కిలో ఆకు తిని ఆ వచ్చిన కాస్త శక్తితోనే నడవాలి కాబట్టి 18 నుంచి 20 గంటలు కదలకుండా ఉంటుంది. ఆకు మత్తెక్కి పడుకుంటుంది అని మన వాట్సాప్‌లో తిరిగే మాట అబద్ధం, దయచేసి ఫార్వర్డ్ చెయ్యకండి. అది మత్తు కాదు, పొదుపు.

ఇంకోటి, ఏ యూకలిప్టస్ అయినా తినేస్తుంది అనుకుంటారు. ఏడు వందల దాకా జాతులున్నాయి, ఒక ప్రాంతంలో ఉండే కోలా అందులో ఏ కొద్ది జాతులనో పట్టుకుని వేలాడుతుంది, పైగా ఒకే జాతిలో కూడా ఈ చెట్టు ఆకు తింటుంది పక్క చెట్టు ఆకు వాసన చూసి వదిలేస్తుంది, ఎందుకంటే మట్టిని బట్టి చెట్టుని బట్టి ఆకులో విషం మోతాదు మారుతుంది. కాబట్టి ఊళ్ళో చెట్లు బోలెడున్నాయి కదా, ఒకటి పోతే ఏముంది అనే మాట దీనికి చెల్లదు. దానికి కావాల్సింది చెట్లు కాదు, ఫలానా చెట్టు. నేను ఇదంతా రాస్తున్నది ఈ ఒక్క మాట కోసమే.

అమ్మకి నచ్చింది మాత్రం పిల్ల సంగతి. కడుపులో ఉండేది 35 రోజులే, పుట్టినప్పుడు అర గ్రాము, చిక్కుడు గింజంత, కళ్ళు లేవు చెవులు లేవు, తనంతట తానే పాక్కుంటూ తల్లి సంచిలోకి చేరుతుంది. అక్కడ పాలు తాగుతూ ఆరు నెలలు. ఆరో నెలలో పాలతో పాటు తల్లి ఇంకొకటి పెడుతుంది, పాప్ అంటారు, తల్లి పేగుల్లోంచి వచ్చే మెత్తటి మలం, మామూలు పెంటికలు కాదు వేరే రకం, సీకంలోని సూక్ష్మజీవులతో నిండి ఉంటుంది. అది తింటే గానీ పిల్లకి ఆకు అరిగించే శక్తి రాదు. కోలా సంచి మూతి కంగారూ సంచిలా పైకి కాకుండా కిందివైపు తెరుచుకుని ఉంటుంది కాబట్టి పిల్ల తల బయటపెట్టి అందుకోగలదు. నేను కొంచెం మొహమాటపడుతూ చెప్పా, అమ్మ మాత్రం "ఆరో నెలలో అన్నప్రాసన, అంతేగా" అంది. అంతే మరి.

తర్వాతి శనివారం లోన్ పైన్ శాంక్చువరీకి తీసుకెళ్ళా. అమ్మకి కోలాని ఎత్తుకుని ఫోటో దిగాలని ఉండేది, కానీ 2024 నుంచి అక్కడ ఎత్తుకోనివ్వటం మానేశారు, దగ్గర నిలబడి చూడొచ్చు అంతే, నాకైతే అదే మంచిదనిపించింది. ఈ లోన్ పైన్ మొదలైంది 1927లో, రెండు కోలాలతో. ఆ 1927 మామూలు ఏడాది కాదు. ఆ ఆగస్టులో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఒక నెల కోలా వేటకి అనుమతిచ్చింది, పేపర్లు, చర్చి పెద్దలు, జనం ఎంత మొత్తుకున్నా వినలేదు, ఆ ఒక్క నెలలో దాదాపు 6 లక్షల కోలాలని చంపి బొచ్చు కోసం తోళ్ళు వలిచారు. ఒక్క నెలలో, ఒక్క రాష్ట్రంలో! దాని తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆ సీజన్ తెరవలేదు.

ఇప్పుడు తుపాకీ లేదు కానీ రోడ్డుంది, కుక్క ఉంది, బుల్డోజర్ ఉంది. మా వైపు కోలా కోస్ట్ అనే ప్రాంతంలో 1996 నుంచి 2014 లోపు కోలాలు దాదాపు 80 శాతం తగ్గిపోయాయి. చెట్టు నుంచి చెట్టుకి పోవాలంటే ఈ జంతువు ఇప్పుడు నేల మీదికి దిగి రోడ్డు దాటాల్సి వస్తోంది, అదీ సరిగ్గా ఈ జత కట్టే నెలల్లో రాత్రిపూట. మా వీధి వెనక కొత్త ఇళ్ళ కోసం ఒక బిల్డర్ పద్నాలుగు చెట్లు కొట్టించాడు, అన్నిటికీ పర్మిషన్ ఉంది, ఆ తర్వాత వారం రోజులు ఒక ఆడ కోలా ఆ ఖాళీ స్థలం చుట్టూ నేల మీద తిరుగుతూ కనపడింది, మా ఆవిడ ఆ వారం సరిగ్గా నిద్రపోలేదు.

రోగం సంగతి కూడా చెప్పాలి. క్లమీడియా అనే బాక్టీరియా వల్ల కళ్ళు పోతాయి, మూత్రాశయం పాడవుతుంది, ఆడవి గొడ్రాళ్ళవుతాయి. యాంటీబయాటిక్ ఇస్తే రోగంతో పాటు పేగుల్లో ఆకు అరిగించే సూక్ష్మజీవులు కూడా చస్తాయి, అంటే రోగం తగ్గి కడుపు నిండా తిండి ఉండి కూడా ఆకలితో పోవచ్చు. అందుకే టీకా కోసం సన్‌షైన్ కోస్ట్ యూనివర్సిటీ వాళ్ళు ఏళ్ళ తరబడి కష్టపడ్డారు, అమ్మావాళ్ళు ఇక్కడున్న ఆ సెప్టెంబర్లోనే దానికి అనుమతి వచ్చిందని వార్త చూశాం, ఒక్క డోసు చాలు. అదే నెలలో న్యూ సౌత్ వేల్స్‌లో కాఫ్స్ హార్బర్ వైపు గ్రేట్ కోలా నేషనల్ పార్క్ ప్రకటించారు, కొత్తగా 1,76,000 హెక్టార్లు కలుపుతూ. ఆలస్యమే. 2019-20 అడవి మంటలు అయిపోయాయి, 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెర్రా ప్రాంతాల కోలాని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించాల్సి వచ్చింది. అయినా సంతోషమే.

నాన్నని బాగా పట్టేసింది మాత్రం విక్టోరియా సంగతి. అక్కడ నైరుతి మూల పేపర్ గుజ్జు కోసం వేల ఎకరాల్లో బ్లూ గమ్ తోటలు వేశారు, ఇది మన జామాయిల్ కాదు, ఊటీలో నూనె తీసే నీలగిరి, గ్లోబులస్. వేసింది మిల్లు కోసం, కానీ కోలాకి ఏం తెలుసు, ఆకు బాగుంది వచ్చి చేరింది, పిల్లల్ని పెట్టింది. పది పన్నెండేళ్ళకి కోత వస్తుంది. ఇప్పుడు చట్టప్రకారం కోతకి ముందు మనుషులు నడిచి చెట్టు చెట్టూ తలెత్తి చూసి, కోలా ఉన్న చెట్టునీ దాని చుట్టూ కొన్నిటినీ వదిలి మిగతావి కొడతారు. రాత్రికి అది దిగి ఎటో పోవాలి. పక్కనున్న కాస్త అసలు అడవిలోకి అన్నీ చేరితే ఆ చెట్లు ఆకు లేకుండా మోడవుతాయి. అంటే ఒకచోట కోలాలు లేక బాధ, ఇంకోచోట చెట్టుకి మించి కోలాలై బాధ. రెండిట్లోనూ తక్కువైంది చెట్టే.

నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. "మన తోట కొట్టేటప్పుడు పిట్టగూళ్ళు పడేవి, నేనెప్పుడూ పైకి చూళ్ళేదు" అన్నాడు.

మొన్న ఆదివారం వాగు పక్కన వాలంటీర్లతో కలిసి మొక్కలు నాటాం, నా వంతుకి పన్నెండొచ్చాయి, అందులో ఏడు బ్లూ గమ్. ఫోటో పంపితే నాన్న వెంటనే వీడియో కాల్ చేసి, మొక్కకి మొక్కకి అంత ఎడం ఎందుకు, గుంట లోతు చాల్లేదు, మొదట్లో చెదలు చూసుకో అని అన్నీ చెప్పాడు. చెప్తున్న మనిషి వెనకాల జేసీబీ చప్పుడు వినపడుతోంది. ఏంటి నాన్నా అంటే, మన ఐదెకరాల్లో జామాయిల్ మోళ్ళు పీకిస్తున్నా, ఆయిల్ పామ్ వేద్దామని అన్నాడు. గట్టు మీది నాలుగు మాత్రం ఉంచుతున్నాడంట.