ఫిలడెల్ఫియా క్లబ్బులు, హామండ్ ఆర్గన్

జాజ్ ఆర్గన్ గురించి రాసేవారు చాలావరకు ఆర్గన్ వాద్యకారుడు జిమ్మీ స్మిత్‌తోనే మొదలుపెడతారు. నేను ఆ వాద్యం బరువుతో మొదలుపెడతాను. అమెరికాలో ఇన్ని నగరాలుండగా ఫిలడెల్ఫియాకే ఆర్గన్ వాద్యకారుల నగరమన్న పేరు రావడంలో కళాకారుల ప్రతిభకు ఎంత పాత్ర ఉన్నదో, ఆ బరువుకూ ఇంచుమించు అంత పాత్ర ఉన్నదని నా అభిప్రాయం.

హామండ్ బి-3 ఆర్గన్‌లో చేతులతో వాయించేందుకు రెండు వరుసల మెట్లు, పాదాలతో వాయించేందుకు 25 పెడల్స్, లోపల నిరంతరం తిరుగుతూ స్వరాలను పుట్టించే 91 లోహచక్రాలు ఉంటాయి. బల్లతో, పెడల్స్‌తో కలిపి తూస్తే దాదాపు 190 కిలోలు. ఆర్గన్ ధ్వనిని వినిపించే లెస్లీ స్పీకర్ పెట్టె దీనికి అదనం. పద్యనాటకాల హార్మోనిస్టులాగా పెట్టెను చంకన పెట్టుకుని బస్సెక్కడం ఇక్కడ కుదరదు. కొందరు పాత శవవాహనాలను కొని, వాటిలో వాద్యాన్ని ఊరూరా తిప్పారు. అంత స్తోమత లేనివారు క్లబ్బులోనే ఆర్గన్ ఉన్న చోటును వెతుక్కోవలసివచ్చేది. ఆర్గన్ కొని పెట్టుకున్న యజమానికి కూడా దాన్ని వాయించే మనిషి తప్పనిసరి అయ్యేవాడు.

లారెన్స్ హామండ్ 1935లో ఈ వాద్యాన్ని మార్కెట్లోకి తెచ్చినప్పుడు పైపు ఆర్గన్ కొనలేని చర్చిలను దృష్టిలో పెట్టుకున్నాడు. చర్చిలతోపాటు వీధి మూలల్లోని చిన్న బార్లకూ అది బాగా నచ్చడానికి కారణం లెక్కలే. ఎడమచేయి, పాదం కలిసి బేస్, అంటే మంద్రస్వరాల పని చూసుకుంటాయి కనుక వేరే బేస్ వాద్యకారుడు అక్కరలేదు. గిటార్, డ్రమ్స్ తోడైతే ముగ్గురితో ఒక నిండు బృందం తయారవుతుంది. టెనర్ సాక్సఫోన్ కూడా చేరితే ఆ రాత్రికి ఇక లోటేమీ ఉండదు.

ఫిలడెల్ఫియా పొరుగునున్న నారిస్‌టౌన్‌లో పుట్టిన స్మిత్ మొదట పియానో వాయించేవాడు. వైల్డ్ బిల్ డేవిస్ ఆర్గన్ వాయించడం విని అటువైపు మళ్ళి, కొన్న వాద్యాన్ని ఒక గోదాములో పెట్టుకుని దాదాపు ఏడాదిపాటు సాధన చేశాడు. 1955లో సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ కొద్దికాలం అతనితో కలిసి వాయించాడు. ఆ ఆర్గన్ ధ్వని తనను అర్ధరాత్రి నిద్రలేపేదని కోల్ట్రేన్ తరువాత చెప్పుకున్నాడు. 1956లో బ్లూ నోట్ సంస్థ స్మిత్ తొలి రికార్డు విడుదల చేసింది. మెట్టు నొక్కగానే వినిపించే చిన్న 'టిక్' శబ్దాన్ని ఇంజనీర్లు లోపమనుకున్నారు. జాజ్ వాద్యకారులు ఆ శబ్దంతోనే లయకు పదును పెట్టారు.

స్మిత్ వేగం అబ్బురపరుస్తుంది, కాని నేను ఎక్కువగా వినేది షర్లీ స్కాట్‌ను. 1934లో ఫిలడెల్ఫియాలోనే పుట్టిన ఆమె పియానో, ట్రంపెట్ నేర్చుకున్నది. 1950ల నడుమ ఒక క్లబ్బు యజమానికి పియానో కాక ఆర్గన్ వాయించేవారు కావలసివచ్చినప్పుడు ఆర్గన్ ముందు కూర్చున్నది. నేను పైన చెప్పిన బరువు సంగతికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. సాక్సఫోన్ వాద్యకారుడు ఎడ్డీ 'లాక్‌జా' డేవిస్‌తో 1958లో చేసిన రికార్డులలో ఆమె ఒక స్వరాల వరుస వాయించి, కాస్త ఖాళీ వదిలి, ఆ ఖాళీని కూడా విననిస్తుంది. స్మిత్‌కు అంత ఓపిక ఉండేది కాదు.

జిమ్మీ మెక్‌గ్రిఫ్ ఈ నగరంలో పోలీసు ఉద్యోగం చేసినవాడు. తన సోదరి పెళ్ళిలో రిచర్డ్ 'గ్రూవ్' హోమ్స్ వాయించడం విని ఆర్గన్‌కు దాసుడయ్యాడు. ఆ హోమ్స్ డెలవేర్ నదికి ఆవలి ఒడ్డునున్న క్యామ్డెన్ మనిషి. చార్లెస్ ఎర్లాండ్ మెక్‌గ్రిఫ్ బృందంలో సాక్సఫోన్ వాయిస్తూ వాయిస్తూ ఆర్గన్‌కు మారాడు. ఒకరిని విని మరొకరు, అదీ నడిచి వెళ్ళగలిగే దూరంలో, నేర్చుకోవడానికి క్లబ్బులు దగ్గరదగ్గరగా ఉండాలి. ఉత్తర ఫిలడెల్ఫియాలోని కొలంబియా అవెన్యూ అలాంటి చోటు. దక్షిణాన బ్రాడ్ స్ట్రీట్ దగ్గర షోబోట్, పెప్స్ అనే క్లబ్బులు ఉండేవి.

1964 ఆగస్టులో నల్లజాతి ప్రజలకూ పోలీసులకూ మధ్య చెలరేగిన అల్లర్లలో కొలంబియా అవెన్యూ వ్యాపారాలు దెబ్బతిన్నాయి. ఆ వీధి మునుపటి స్థితికి రాలేదు. 1970ల నడుమ హామండ్ సంస్థ లోహచక్రాల ఆర్గన్ తయారీని ఆపివేసింది. అప్పటికి ఒక్క మనిషి మోసుకుపోగల ఎలక్ట్రిక్ కీబోర్డులు వచ్చేశాయి కనుక, వాద్యాన్ని క్లబ్బులో ఉంచుకోవలసిన అగత్యమూ పోయింది.

అయినా పరంపర తెగలేదు. తండ్రి పాపా జాన్ కూడా ఆర్గన్ వాద్యకారుడే అయిన జోయీ డిఫ్రాన్సెస్కో పదిహేడేళ్ళ వయసులో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంతో పర్యటించి, 2022లో మరణించేదాకా బి-3ని కొత్త తరానికి వినిపించాడు. ఆర్గన్ వాద్యకారిణి ట్రూడీ పిట్స్ 2006లో ఫిలడెల్ఫియాలోని కచేరీ భవనం కిమ్మెల్ సెంటర్‌లోని దాదాపు ఏడు వేల పైపుల మహా ఆర్గన్‌పై కచేరీ చేసింది. దానిపై కచేరీ చేసిన తొలి జాజ్ కళాకారిణి ఆమే. షర్లీ స్కాట్ మాత్రం 1990ల తొలినాళ్ళలో న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్బులో పియానో ముందు కూర్చుని, డ్రమ్స్‌పై మిక్కీ రోకర్, బేస్‌పై ఆర్థర్ హార్పర్ తోడుగా రికార్డు చేసింది.